మిల్లు వైపు అంచు

ల్యాడ్ హ్రుబెక్ మంచివాడని మా ఊరు కెస్లర్ రన్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు. నన్ను మాత్రం అడగొద్దు. ఒక మనిషి ముప్ఫై ఎనిమిదేళ్ళపాటు ఒకే ఇంటి ముందు మంచు తోసి, వేసవిలో టమాటాలు తెచ్చి పెట్టి, నడుం ఆపరేషన్‌కి ఆసుపత్రికి తిప్పి, బదులుగా కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోకపోతే ఊరంతా ఆహా అంటుంది. నాకు ఒళ్ళు మండుతుంది. ఊరికే ఇంత మంచి ఎవరు చేస్తారు? ఎందుకు చేస్తారు? ఆ ఇంటివాడు మా అన్న డెన్నీ కాబట్టి అడిగే హక్కు నాకుందనే అనుకునేదాన్ని.

నా ఉద్యోగం కూడా అలాంటిదే. కారు బీమా ఆఫీసులో, పరిహారం కావాలని వచ్చే కాగితాలు చూస్తాను. వానకు జారి చెట్టును గుద్దుకున్నానని రాసినవాడి ఫోటోలో, కారు కింద నేల తడిగా ఉందా పొడిగా ఉందా అని చూడటానికే నాకు జీతమిస్తారు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. "రోజాన్ యురిక్ తన పెళ్ళి ఫోటోల్లో కూడా మొగుడి బూట్లకి బురద ఉందేమోనని వెతికింది" అని ఆఫీసులో నవ్వుకుంటారు. నిజమే, వెతికాను. బురద ఉంది కూడా. ఆ పెళ్ళి నాలుగేళ్ళు నిలిచింది.

ల్యాడ్‌కి ఇప్పుడు ఎనభై ఒకటి. ఉక్కు మిల్లు నడిచే రోజుల్లో రోలర్లు సానబట్టే షాపులో పనిచేశాడు. రెండు టన్నుల ఉక్కు రోలరు మీద వెంట్రుకలో పావు వంతు తేడా ఉన్నా పట్టుకునేవాడని మా నాన్న చెప్పేవాడు. మిల్లు మూతపడ్డాక హైస్కూల్లో బాయిలరు చూసే పనిలో చేరాడు. పొట్టి మనిషి, మెడ కనబడదు, మాట తక్కువ. భార్య ఇర్మా పోయి తొమ్మిదేళ్ళయింది. పిల్లల్లేరు. చర్చిలో ఎప్పుడూ వెనక బెంచీలోనే కూర్చుంటాడు, ముందుకి రమ్మన్నా రాడు.

అన్నిటికీ మించి, ఆయన గొలుసు మనిషి. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్ ఆటలో పక్కగీత మీద నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని నలుగురు నిలబడతారు. జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, జరగలేకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. ఆ పది గజాలూ కొలిచే గొలుసు ఈ నలుగురి చేతిలో ఉంటుంది, రెండు కొసలా రెండు కర్రలతో. అందరూ ఊరివాళ్ళే, జీతం లేదు, ఆట మధ్యలో ఒక సాసేజ్ బన్నూ కాఫీ ఇస్తారు. ఒక్కటే షరతు. గొలుసు పట్టినవాడు అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. సొంత కొడుకు గీత దాటినా మొహం గోడలాగే ఉండాలి. ల్యాడ్ నలభై ఒక్క సంవత్సరాలు అలా నిలబడ్డాడు. ప్రతి ఆగస్టులోనూ స్కూలు పార్కింగులో ఎండలో మోకాళ్ళ మీద కూర్చుని, ఉక్కు టేపుతో ఆ గొలుసు కొలిచి, సాగిన కొక్కేలు మార్చి, నూనె పెట్టేవాడు. పక్క ఊళ్ళలో అలా ఎవరూ చేయరు.

ఆయన చేతిలో ఉండేది క్లిప్పు. మైదానం మీద అయిదేసి గజాలకొక తెల్ల గీత ఉంటుంది, బెత్తెడు వెడల్పున. గొలుసు ఏ గీతను దాటుతుందో చూసి, సరిగ్గా ఆ గీత వెనకంచు, అంటే జట్టు వచ్చిన వైపు అంచు దగ్గర గొలుసుకి చిన్న ఇత్తడి క్లిప్పు తగిలిస్తారు. బంతి పది గజాలు వచ్చిందా లేదా అని అనుమానం వస్తే, గొలుసుని మైదానం మధ్యకు మోసుకెళ్ళి, క్లిప్పును అదే గీత వెనకంచు మీద ఆనించి, ముందు కర్రని బిగలాగుతారు. కర్ర దాకా బంతి వచ్చి ఉంటే గట్టెక్కినట్టు. క్లిప్పు ఎక్కడ ఆనితే కొలత అక్కడే, దాన్ని మించి అప్పీలు లేదు.

1986 నవంబరులో, ఒక శనివారం మధ్యాహ్నం, మా ఊరి స్కూలు మొదటిసారి రాష్ట్ర ప్లేఆఫ్‌లో రెండో మెట్టు దాకా వచ్చి ఆల్డర్‌టన్ మీద ఆడింది. మిల్లు పోయిన రెండేళ్ళకి మాకు మిగిలింది ఆ జట్టే. నాకు తొమ్మిదేళ్ళు. మా డెన్నీకి పదిహేడు, బంతి పట్టుకుని మనుషుల గోడలోకి తలదూర్చి వెళ్ళే ఆటగాడు. ఇంకో నిమిషం ఉందనగా పదమూడు, పద్నాలుగుతో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. నాలుగో ప్రయత్నం, రెండు గజాలు కావాలి. బంతి డెన్నీకి ఇచ్చారు. బురదలో పది పన్నెండు మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. గొలుసు వచ్చింది. రిఫరీ వంగి చూసి, లేచి, బంతికీ కర్రకీ మధ్య ఎంత ఉందో మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు. అంతే. బంతి ఆల్డర్‌టన్‌కి పోయింది, ఆట పోయింది. గొలుసు దాటి ఉంటే గెలిచేవాళ్ళమని నేననను. కానీ ఆడటానికి ఇంకో నాలుగు ప్రయత్నాలు ఉండేవి.

సోమవారం నుంచి మొదలైంది. స్కూలు బస్సులో మూడు వేళ్ళు. మాంసం కొట్లో "డెన్నీ, హామ్ ఎంత మందం కోయమంటావ్, మూడు వేళ్ళా?" పెట్రోలు బంకు దగ్గర కారు ఆపితే "కొంచెం ముందుకు జరుగు బాబూ, మూడు వేళ్ళు తక్కువైంది." కోపంతో అన్నవాళ్ళు నాలుగు నెలల్లో మరిచిపోయారు. సరదాకి అన్నవాళ్ళు ఇప్పటికీ అంటున్నారు. శాండీతో వాడి పెళ్ళిలో అన్నారు, విడాకులప్పుడూ అన్నారు. మా నాన్న వేళ్ళు చూపించలేదు కానీ ఆ చలికాలమంతా వాడితో ముక్తసరిగానే మాట్లాడాడు. డెన్నీ మైదానం వైపు మళ్ళీ వెళ్ళలేదు. బార్లకి వెళ్ళడం మానేశాడు. ఇంటి పక్క గరాజులో గడ్డి కోసే మిషన్లూ మంచు తోసే మిషన్లూ బాగుచేసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. యాభై అయిదేళ్ళొచ్చాయి.

ఆ డిసెంబరులోనే, మొదటి మంచు పడ్డ పొద్దున, ఎదురింటి ల్యాడ్ వచ్చి మా వాకిలంతా తోసి వెళ్ళాడు. ఎవరూ పిలవలేదు. మా అమ్మ పొంగిపోయింది. "పాపం, మన బాధ చూసి వచ్చాడు" అంది. తొమ్మిదేళ్ళ పిల్లని, కిటికీ దగ్గర నిలబడి నేను చూసిందొకటి ఉంది. డెన్నీ తలుపు తీసి థాంక్స్ చెప్పాడు. ల్యాడ్ వాడి మొహం వంక చూడలేదు. పార వంకే చూస్తూ తల ఊపాడు. ఆ రోజు మొదలైన అనుమానం నన్ను వదల్లేదు. ఇర్మా పుట్టిల్లు ఆల్డర్‌టన్ అని తెలిశాక ఇంకా పెరిగింది. అత్తారి ఊరిని గెలిపించడానికి అల్లుడు గొలుసు జరిపాడా? ఈ మాట ఒకసారి అమ్మతో అంటే చెంప మీద కొట్టినంత పని చేసింది.

ఈ ఏడు పాత హైస్కూలు కూలగొడుతున్నారు. బాయిలరు గదిలో అలమరా తెరిస్తే, దుమ్ము కొట్టుకుపోయిన గుడ్డ సంచిలో వీడియో క్యాసెట్ ఒకటి దొరికింది, ఆ ఆటది. మైదానం పక్క ప్రెస్ గది కప్పు మీంచి అప్పటి లెక్కల మాస్టారు తీసింది. అది ఎప్పుడో పోయిందని అందరూ అనుకున్నారు. లైబ్రేరియన్ జోనీ పెట్రిల్లా దాన్ని కంప్యూటరులోకి ఎక్కించింది. ఆదివారం మధ్యాహ్నం అగ్నిమాపక కేంద్రం హాల్లో ఊరందరికీ చూపించాలని, క్యాబేజీ నూడుల్సూ, దుంపల ముద్ద కూరిన పిరోగీలూ వండాలని, మధ్యలో ల్యాడ్‌కి నలభై ఒక్కేళ్ళ సేవకి ఒక ఫలకం ఇవ్వాలని జట్టు అభిమానుల సంఘం తీర్మానించింది.

"ముసలాయన ఎంత సిగ్గరో చూడు. 'ఆ క్యాసెట్ చెడిపోయుంటుంది జోనీ, పారెయ్' అన్నాడు" అని జోనీ నాతో నవ్వుతూ చెప్పింది.

నాకు నవ్వు రాలేదు. బాయిలరు గది తాళం ఇరవై ఏళ్ళు ఎవరి జేబులో ఉంది? "బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో నేను చూసి పెడతాలే, నా దగ్గర మంచి కంప్యూటరుంది" అని చెప్పి ఒక కాపీ తెచ్చుకున్నాను.

శనివారం పొద్దున వంటింటి బల్ల మీద పెట్టి చూశాను. ముందు మా అమ్మ కనబడింది. మూడో వరసలో, ఎర్ర స్కార్ఫ్ కట్టుకుని, నన్ను పక్కన అదుముకుని కూర్చుని ఉంది. నేను ఆ స్కార్ఫ్‌ని పూర్తిగా మరిచిపోయాను. కాసేపు ఆపేసి ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని వచ్చి పనిలో పడ్డాను.

ఆ ఆటని చిన్నప్పుడు నేను చూసింది పెద్దవాళ్ళ వీపుల మధ్య నుంచి. ఇప్పుడు అంతా కనబడుతోంది, అంతా చిన్నగా ఉంది. ఆటగాళ్ళు పిల్లలు. డెన్నీకి గడ్డం సరిగ్గా రాలేదు. ఈ పిల్లాడినా ఊరంతా ఇన్నేళ్ళు ఏడిపించింది అనిపించింది. ఆఖరి ప్రయత్నం పదకొండు సార్లు వెనక్కి తిప్పి చూశాను. డెన్నీ పడ్డచోటు చూశాను, రిఫరీ బంతి పెట్టిన చోటు చూశాను. తప్పేం లేదు. అప్పుడు బంతిని వదిలేసి ల్యాడ్‌ని చూశాను.

మా మైదానానికి ఒక కొసన మిల్లు, ఇంకో కొసన వాగు. నాలుగు భాగాల ఆటలో, మూడో భాగంలో మావాళ్ళు వాగు వైపు ఆడారు, కాబట్టి ప్రతి గీతకీ వెనకంచు అంటే మిల్లు వైపు అంచు. నాలుగో భాగంలో జట్లు వైపులు మారతాయి. ఇప్పుడు మిల్లు వైపు ఆడుతున్నారు, వెనకంచు వాగు వైపుకి మారిపోతుంది. ఆఖరి ప్రయత్నాలకి ముందు పక్కగీత దగ్గర ల్యాడ్ గొలుసుకి క్లిప్పు పెడుతున్నప్పుడు, ఆయన నల్ల చేతితొడుగు పక్కన తెల్ల గీత మిల్లు వైపు కనబడుతోంది. అంటే చెయ్యి వాగు వైపు అంచు మీద ఉంది. సరిగ్గానే ఉంది. గొలుసు మైదానం మధ్యకు తెచ్చాక అదే చెయ్యి గీతకి ఆనింది. ఈసారి తెల్ల గీత వాగు వైపు కనబడుతోంది. చెయ్యి మిల్లు వైపు అంచు మీద ఉంది. అంటే గొలుసు మొత్తం గీత వెడల్పంత ముందుకు జరిగింది. బెత్తెడు. బెత్తెడంటే నాలుగు వేళ్ళు. డెన్నీ తక్కువ పడింది మూడు వేళ్ళు.

వాడు దాటాడు. మా అన్న ఆ రోజు దాటాడు.

ఇంకొంచెం నడవనిచ్చాను. అందరూ గొలుసు ఎత్తుకుని వెళ్ళిపోతుంటే ల్యాడ్ ఒక్కడే అక్కడే నిలబడి ఉన్నాడు. కింద గీత వంక చూశాడు. కుడి చెయ్యి భుజం దాకా లేచింది, ఎవరినో పిలవబోయినట్టు. రెండు క్షణాలు అలాగే ఉండి దిగిపోయింది. పొరపాటు ఒక సంగతి. ఆ చెయ్యి దిగిపోవడం వేరే సంగతి. దొంగ దొరికాడు అనుకున్నాను. కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా కంప్యూటరు చంకన పెట్టుకుని బయల్దేరాను.

ల్యాడ్ వంటింట్లో బకెట్ ముందు కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. మర్నాడు హాల్లో పిరోగీలకి చర్చి మగవాళ్ళు ఇళ్ళల్లో పంచుకున్న పని అది.

"రా అమ్మాయ్. సొరుగులో ఇంకో కత్తుంది, తీసుకో."

"నేను దుంపలు తరగడానికి రాలేదు మిస్టర్ హ్రుబెక్." ఎదురింటి పెద్దాయన్ని ఇప్పటికీ నేను పేరుపెట్టి పిలవలేను, మీరనే అంటాను. డెన్నీ ఒక్కడే ఆయన్ని ల్యాడ్ అని, నువ్వు అని పిలుస్తాడు.

కంప్యూటరు బల్ల మీద పెట్టి చూపించాను. ఆయన లేచి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నాడు. చూశాడు. "ఇంకోసారి పెట్టు" అన్నాడు. పెట్టాను. మూడోసారి తడి వేలు తెరకు తగలకుండా దగ్గరగా పెట్టి, "ఇదిగో, ఇక్కడ. చెయ్యి ఇంత పైకి లేచిందని నాకు తెలీదు" అన్నాడు.

"ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకోడానికేముంది, కనబడుతోందిగా. మూడో భాగమంతా మిల్లు వైపు పెట్టీ పెట్టీ చేతికి అదే అలవాటైపోయింది. లేచి కిందకి చూసేసరికి తెలిసింది. పిలుద్దామనుకున్నా. నోరు పెగల్లేదు. అప్పటికే బంతి వాళ్ళకిచ్చేశారు."

"ఇర్మా కోసం చెయ్యలేదా?"

ముసలాయన నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇర్మానా? ఆ ఆట తర్వాత నెల్రోజులు పుట్టింటి గడప తొక్కలేదు. వాళ్ళన్న ఫోన్ చేస్తే పెట్టేసింది."

"మరి ఎందుకు చెప్పలేదండీ? ఆట అవగానే చెప్పొచ్చుగా!"

"అవగానే జనం ఏడుస్తున్నారు. సోమవారం చెబుదామనుకున్నా. సోమవారానికి పిల్లాడికి వేళ్ళు చూపించడం మొదలెట్టారు. ఇంక అప్పుడు ఎలా చెప్పను?"

"అప్పుడే చెప్పాలి! మీకు బుర్రుందా అసలు? అప్పుడే కదా చెప్పాల్సింది!" నేను బల్ల గుద్దాను. దుంపల తొక్కులు కిందపడ్డాయి. ఆయన వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

"క్యాసెట్ మీరే దాచారు."

"కోచ్ పారెయ్యమన్నాడు. నేను దాచిపెట్టా."

"ఎందుకు?"

"ఎప్పటికైనా ఎవరైనా చూస్తారని."

"మరి మొన్న జోనీని పారెయ్యమన్నదెందుకు?"

"ఎవరైనా చూస్తారని."

ఇరవై రెండేళ్ళలో అబద్ధాలు చెప్పేవాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి జవాబులు బాగా కుదురుతాయి. ఈయనకి ఒక్కటీ కుదరడం లేదు. అయినా నా కోపం తగ్గలేదు.

"పదండి. డెన్నీకి చెప్పండి. ఇప్పుడే."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "రేపు హాల్లో చెబుతా రోజాన్. ఫలకం ఇస్తారుగా, అప్పుడు మైకు పుచ్చుకుని అందరి ముందూ చెబుతా. కావాలంటే పేపర్లో కూడా వేయించు. డెన్నీకి మాత్రం వద్దు."

"ఊరందరికీ చెబుతారు, వాడికి మాత్రం చెప్పరా? ఇదేం తిరకాసు?"

"ఊరు నన్నేమనుకుంటే నాకేం."

"రేపు ఊరంతా విన్నాక వాడికి తెలీకుండా ఉంటుందా? వాడు బజార్లో వినాలా ఈ మాట?"

ఆయన మళ్ళీ కత్తీ దుంపా చేతిలోకి తీసుకున్నాడు. నాకు మళ్ళీ అనుమానమే వచ్చింది. రాత్రికి రాత్రి ఏదో సాకు చూసుకుంటాడు, గుండెల్లో నొప్పంటాడు, హాలుకే రాడు అనుకున్నాను. "వాడి ముప్ఫై ఎనిమిదేళ్ళు మీరు తినేశారు. వాడి మొహం చూసి చెప్పాల్సిందే" అన్నాను. ఆయన చేతులు తుడుచుకుని, టోపీ పెట్టుకుని, నా వెనక రోడ్డు దాటాడు.

డెన్నీ గరాజులో ఒక మంచు మిషన్ ఇంజనుకి బోల్టులు బిగిస్తూ కూర్చున్నాడు. పొయ్యి పక్కన రెండు కుర్చీలు, మధ్యలో పెట్టె మీద పేకముక్కలు. శనివారాలు వాళ్ళిద్దరూ అక్కడ రమ్మీ ఆడతారు.

"ఏంటి, ఇద్దరూ కలిసొచ్చారు?" అన్నాడు డెన్నీ. "ఎవరైనా పోయారా? ల్యాడ్, పోయిన శనివారం మొహం చాటేశావేంటి, ఓడిపోతానని భయమా? కూర్చో, కాఫీ వేడిగా ఉంది."

ల్యాడ్ కూర్చోలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు. మిల్లు వైపు, వాగు వైపు, అంచు, క్లిప్పు, చెయ్యి. మాస్టారికి పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పాడు, ఒక్క ముక్క వదల్లేదు, తన తరఫున ఒక్క మాటా కలపలేదు. నేను కంప్యూటరు తెరవబోతే డెన్నీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చూపించకు రోజీ." ల్యాడ్ వైపు తిరిగాడు. "అయితే నేను దాటానా?"

"దాటావు. ఒక వేలు దాటావు."

డెన్నీ నవ్వాడు. చాలా ఏళ్ళ తర్వాత వాడు అలా నోరంతా తెరిచి నవ్వడం చూశాను. "ఒక వేలు! నాకు తెలుసు. కిందపడ్డప్పుడే అనుకున్నా, దాటానని. నాన్న ఉండుంటే..." గ్రీజు చేతులతోనే మొహం తుడుచుకున్నాడు. సాధించాను అనుకున్నాను. రేపు హాల్లో వీడి పక్కన కూర్చుంటాను, మాంసం కొట్టువాడి మొహం చూడాలి అని కూడా అనుకున్నాను.

అప్పుడు వాడి నవ్వు ఆగిపోయింది. పానా కింద పెట్టాడు.

"ల్యాడ్, ఆ డిసెంబర్లో మా వాకిలి తోశావు."

ల్యాడ్ తల ఊపాడు.

"అది ఇందుకేనా?"

"ఇందుకే."

"టమాటాలూ? ఆసుపత్రీ? శాండీ వెళ్ళిపోయినప్పుడు పది రోజులు నా సోఫా మీద పడుకున్నావ్, నేనేమైనా చేసుకుంటానేమోనని. అదీ ఇందుకేనా?"

ఆ పది రోజుల సంగతి నాకు తెలీదు. వాడి చెల్లెల్ని, నాకు తెలీదు.

"మొదట్లో ఇందుకే. తర్వాత తర్వాత..." ల్యాడ్ ఆగాడు.

"తర్వాతంటే ఎప్పట్నుంచి?"

"తెలీదు డెన్నీ. చూసుకోలేదు."

"ఊళ్ళో ప్రతివాడికీ నేను ఆ ఆటే." డెన్నీ గొంతు పెద్దది చేయలేదు. "నాన్నకీ అంతే. దీనికీ అంతే, పాపం నన్ను చూసినప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నువ్వొక్కడివే ఆ ఆట మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కసారి కూడా. వీడొక్కడు నన్ను నన్నుగా చూస్తున్నాడురా బాబూ అనుకునేవాణ్ణి. చూస్తే నా ఎదురుగా కూర్చున్న ప్రతిసారీ నువ్వూ ఆ ఆటే చూస్తున్నావన్నమాట."

నాకు ఏదో ఒకటి అనాలనిపించింది. "అది కాదు డెన్నీ, ముఖ్యమైంది నువ్వు దాటావు..." అన్నాను.

"నువ్వుండవే." మళ్ళీ ల్యాడ్‌నే అడిగాడు. "ఒక్కటి చెప్పు. నువ్వు ఆ రోజు సరైన అంచు మీద పెట్టి, నేను దాటి, అంతా సవ్యంగా జరిగుంటే, నువ్వెప్పుడైనా ఈ గరాజులోకి వచ్చేవాడివా?"

నేను ల్యాడ్ మొహం వంక చూస్తున్నాను. వచ్చేవాణ్ణని చెప్పు అని లోపల్లోపల బతిమాలుకున్నాను. ముసలాయనా, ఇన్నేళ్ళు దాచగలిగావు, ఇంకొక్క అబద్ధం ఆడు, నేను నమ్ముతాను, ప్రమాణంగా నమ్ముతాను. అంతగా నేనెప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదు.

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"లేదు," అన్నాడు. "నేను ఎవరిళ్ళకీ వెళ్ళే మనిషిని కాను. వచ్చేవాణ్ణి కాదు."

డెన్నీ తల ఊపాడు. "సరే," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

వాడు ఇంజను వైపు తిరిగి, స్టార్టు చేసే తాడు పట్టుకుని లాగాడు. ఇంజను రెండుసార్లు గురగురమని ఆగిపోయింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ ఆగిపోయింది. వాడి నడుం ఆపరేషన్ అయినదగ్గర్నుంచీ అలా తాడు లాగకూడదు. ల్యాడ్ అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకేసి, పెట్రోలు మీట పట్టుకోవడానికి చెయ్యి చాపాడు.

"వద్దు," అన్నాడు డెన్నీ, ఆయన వంక చూడకుండా. "నేను చేసుకుంటాను."